మల్గీలో మందిరం, మూడడుగుల మెట్లు

హైదరాబాద్‌లో కుషాయిగూడ నుంచి నాగారం వైపో, బాలానగర్ నుంచి చింతల్ మీదుగా జీడిమెట్ల వైపో బండి మీద వెళ్తున్నప్పుడు ఒకసారి తలెత్తి మొదటి అంతస్తు బోర్డులు చదవండి. కింద టైర్ల షాపు, పైన ప్రార్థన మందిరం. కింద శానిటరీ సామాన్లు, పైన సాయిబాబా ధ్యాన మందిరం. కింద టీ హోటల్, పక్క సందులో మెట్లెక్కితే నమాజు గది. నిన్నటిదాకా ట్యూషన్ సెంటరో, చిట్‌ఫండ్ ఆఫీసో, జిమ్మో ఉన్న చోట ఇవాళ గుమ్మం ముందు చెప్పుల వరస కనిపిస్తుంది. కరోనా తర్వాత ఖాళీ పడ్డ పై అంతస్తులు, కనీసం నేను తిరిగే పేటల్లో, చాలావరకు ఇలాగే నిండాయి.

వీటి గురించి మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి ఎగతాళి: "దేవుణ్ణి తెచ్చి షట్టర్‌లో పెట్టారు." రెండోది అనుమానం: "దీనికి పర్మిషన్ ఉందా?" ఎగతాళి అనవసరం. అనుమానం సరైనదే గానీ, అడిగేవాళ్లు ఎక్కువమంది దాన్ని అడగాల్సిన కారణానికి అడగరు. మామూలు దుకాణాన్ని ప్రార్థనా స్థలంగా మార్చుకోవడంలో అపచారమూ లేదు, చిన్నతనమూ లేదని నా అభిప్రాయం. ఆ మార్పు ఏ కాగితం మీదా ఎక్కకుండా, ఎవరూ వచ్చి చూడకుండా జరిగిపోవడంలోనే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి మతం లేదు. దానికి సంబంధించినవి శ్లాబు, మెట్లు, పొగ.

నేను సివిల్ ఇంజినీర్ని. పాత బిల్డింగు మీద ఇంకో అంతస్తు వేయొచ్చా, ఈ పిల్లర్ ఎందుకు పగిలింది, ఈ గోడ తీస్తే ఏమవుతుంది లాంటివి చూసి చెప్పడం నా పని. మా ఇంట్లో ఉన్నది వెంకటేశ్వరస్వామి పటం, దానికి రోజూ దండం పెట్టేది మా ఆవిడ. కాబట్టి ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకుని రాస్తున్నది కాదిది.

అంగడి వేరు, ఆరాధన వేరు అని గిరి గీసుకునే అలవాటు అసలు ఈ ఊరిది కాదు. 1591 నాటి చార్మినార్‌నే చూడండి. కింద నాలుగు వైపులా దారులు, చుట్టూ బజారు, పై అంతస్తులో మసీదు. పాతబస్తీలో మసీదు కింద మల్గీలు (అద్దె దుకాణాలు) ఉండటం ఎంత మామూలు విషయమో చెప్పక్కర్లేదు. గాజులవాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు, అత్తరు అమ్మేవాళ్లు కట్టే అద్దెతోనే పైన కరెంటు బిల్లు, ఇమాం గారి జీతం గడుస్తాయి. గుళ్లకూ అంతే, ఆదాయమున్న దేవస్థానానికి ఓ షాపింగ్ కాంప్లెక్సు ఉండే తీరుతుంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అమ్మవారు 1815 నుంచి బజారు మధ్యనే కొలువుంది. బోనాలప్పుడు తప్ప ఆ వీధుల్లోకి జనం వచ్చేది బట్టలకూ గిన్నెలకూ. వచ్చినవాళ్లు సంచీ చేత్తో పట్టుకునే ఓ దండం పెట్టుకుని పోతారు. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

మరి షట్టర్ అనగానే నవ్వెందుకొస్తుంది? మన కళ్లు పెద్ద కట్టడాలకు అలవాటు పడిపోయాయి కాబట్టి. చర్చి అంటే 1914లో మొదలై 1924లో పూర్తయిన మెదక్ కెథడ్రల్, దాని 175 అడుగుల గోపురం. గుడి అంటే నౌబత్ పహాడ్ మీద 1976లో తెరుచుకున్న తెల్ల పాలరాతి బిర్లా మందిర్. ఇలాంటివి కొలబద్దలైపోతే, రోలింగ్ షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లే మందిరం వేషం వేసినట్టే ఉంటుంది మరి. మెదక్ చర్చిని కూడా మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో కూలీలకు పనీ తిండీ దొరకాలని కట్టించాడన్న సంగతి ఫొటోలు తీసుకునేవాళ్లకు అంతగా గుర్తుండదు.

క్రైస్తవుల విషయంలో అయితే ఈ నవ్వు మరీ నిలవదు. బైబిల్లో చూస్తే, ఎఫెసులో అపొస్తలుడు పౌలు రెండేళ్లపాటు రోజూ బోధించింది తురన్ను అనే ఒకాయన పాఠశాలలో. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే ట్యూషన్ సెంటర్‌లో. త్రోయలో కూడిక జరిగింది మూడో అంతస్తు మేడగదిలో. ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగేసరికి కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు కునికిపాట్లు పడి కింద పడ్డాడు. ఆ గదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయని కూడా రాసి ఉంది. వాక్యం వింటూ నిద్రపోకూడదని చెప్పడానికి బోధకులు ఈ కథ ఎత్తుకుంటారు. నాకు మాత్రం అందులో కిక్కిరిసిన పై అంతస్తు, మండే దీపాలు, గ్రిల్ లేని కిటికీ కనిపిస్తాయి.

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దురా యూరోపోస్ అనే ఊరి తవ్వకాల్లో ఒక పాత క్రైస్తవ మందిరం బయటపడింది. క్రీస్తుశకం 240 ప్రాంతానిది. అదొక మామూలు ఇల్లు. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు, ఇంకో చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టుకున్నారు. ఇప్పుడు మన పేటల్లో జరిగేదీ సరిగ్గా ఇదే, ఇదే వరసలో. ముందు అడ్డుగోడ కొట్టడం, తర్వాత తొట్టి. (ఆ గోడ బరువు మోస్తోందా లేదా అని ముందు చూసుకునే అలవాటు మాత్రం మనవాళ్లకు లేదు.)

మన ఊరి సంగతే కావాలంటే గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను అనే ప్రార్థన మందిరం ఉంది. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన క్రైస్తవ బోధకుడు భక్త సింగ్ ఇక్కడే దశాబ్దాలపాటు ఉండి 2000లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పెంచిన సంఘాల్లో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవడం, ఆరాధన తర్వాత అందరూ కలిసి అన్నం తినడం పద్ధతి. పియానో, రంగుటద్దాలు, చెక్క బల్లలు ఉంటేనే చర్చి అన్న ఊహను తెలుగు నేల మీద గట్టిగా కదిపింది ఆ చాపలే. చాప వేసుకుని కూర్చునే ఆరాధనకు టైల్స్ షోరూం అంతస్తు సరిపోకపోవడమేం?

టైల్స్ షోరూం అని ఊరికే అనలేదు. ఈమధ్య నా దగ్గరికొచ్చిన పని అలాంటి బిల్డింగుదే. పేట పేరు చెప్పను, ఉపయోగం లేదు. కింద పరుపుల షాపు, పైన మొన్నమొన్నటిదాకా టైల్స్ షోరూం. పన్నెండు వందల చదరపు అడుగుల హాలు. అద్దెకు తీసుకున్న సంఘం అంతకుముందు పాస్టర్ గారి ఇంటి డాబా మీద రేకుల కింద కూడేది. వచ్చేవాళ్లలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు, ఇద్దరు నర్సులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం వైపు నుంచి వచ్చిన మేస్త్రీల కుటుంబాలు. భూమి కొని కట్టుకునే స్తోమత వీళ్లకు ఈ జన్మలో రాదు. ఓనర్‌కు మాత్రం ఇంతకన్నా మంచి అద్దెదారు దొరకడు. నీళ్లు ఎక్కువ వాడరు, రాత్రుళ్లు ఉండరు, అద్దె ఎగ్గొట్టరు. ఎగ్గొడితే అడగడానికి సంఘ పెద్దలు పదిమంది ఉన్నారు.

అయ్యగారు (సంఘంలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది) అడిగినవి రెండు. మధ్యలో ఉన్న గోడ తీసేయొచ్చా? స్టేజీ పక్కన తొట్టి కట్టుకోవచ్చా?

గోడ సంగతి తేలిక. పిల్లర్ల బిల్డింగు, అది నాలుగంగుళాల అడ్డుగోడ, తీసేశారు. శ్లాబు సంగతిలో మాత్రం వాళ్లది అదృష్టం. ఇళ్ల గదుల్లో మనుషులు, సామాన్ల బరువు కింద చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్కేసి శ్లాబు డిజైన్ చేస్తారు. దుకాణానికి 400. కదలని సీట్లు లేకుండా జనం గుమికూడే హాలుకు 500. ఇవి నేను పెట్టిన అంకెలు కాదు, ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం రెండో భాగంలో ఉన్నవి. అంటే దుకాణం శ్లాబుకూ ప్రార్థన హాలు శ్లాబుకూ మధ్య దూరం చిన్నది. ఇంటికీ ప్రార్థన హాలుకూ మధ్యనే పెద్దది, రెండున్నర రెట్లు. దుకాణంలో చర్చి పెట్టారని నవ్వేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఇంటి మేడ మీద నూట యాభైమందిని చేర్చి చప్పట్లతో, గెంతులతో ఆరాధన జరిపించడం కన్నా దుకాణంలో జరిపించడం ఎన్నో రెట్లు నయం. ఒక తాళానికి అందరూ కలిసి గెంతితే వచ్చే ఊపు, ఊరికే నిలబడ్డ బరువు కన్నా చాలా ఎక్కువ. నేను రెండు పిల్లర్లు, ఒక బీము గట్టిపరచమన్నాను. అంతే.

తొట్టి దగ్గర పేచీ వచ్చింది. ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు కావాలన్నారు. మనిషి పూర్తిగా మునగాలి కదా. నీళ్లే నాలుగు టన్నులు, ఇటుక గోడలు వేరే. చదరపు మీటరుకు పన్నెండు వందల కిలోలు దాటుతుంది. అది నాలుగు వందలకు కట్టిన శ్లాబు.

"అయ్యగారూ, తొట్టి నేల మీదే ఉండాలి, పైన కుదరదు."

"కింద పరుపుల షాపు కదా సార్."

"అయితే ఎప్పట్లాగే చెరువుకే వెళ్లండి."

"చెరువు నిండా గుర్రపు డెక్కే సార్. మురుగు వాసన. మొన్న ఒక పెద్దావిడకు బాప్తిస్మం ఇచ్చాక వారం రోజులు ఒళ్లంతా దద్దుర్లు."

ఆయన మాట నిజం. మన చెరువుల సంగతి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. చివరికి వెనక పార్కింగ్‌లో ఒక ఫైబర్ తొట్టి పెట్టుకున్నారు. అవసరమైనప్పుడు నింపుతారు, తర్వాత ఆ నీళ్లు చెట్లకు పోస్తారు.

ఇవన్నీ నన్ను పెద్దగా భయపెట్టలేదు. నా టెన్షన్ అంతా మెట్ల మీద. పక్క సందులోంచి పైకి ఒకే మెట్ల దారి, వెడల్పు మూడడుగులు. పైకెళ్లేవాళ్లకూ దిగేవాళ్లకూ అదే. టైల్స్ షోరూంకి అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ ఏకకాలంలో ఉండేది ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు, ఒక కొత్త ఇంటి కుటుంబం. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా పై అంతస్తు దుకాణంలో ఆరు చదరపు మీటర్లకు ఒక మనిషినే లెక్కేస్తుంది. ఆ హాలుకు అది ఇరవైమంది లోపు. అదే హాల్లో కుర్చీలు దగ్గరదగ్గరగా వేస్తే మనిషికి ముప్పావు చదరపు మీటరు కన్నా తక్కువ చాలు, అంటే నూట యాభైమందికి పైనే. అంతస్తు అదే, మెట్లు అవే, మనుషులు ఎనిమిది రెట్లు. జనం గుమికూడే భవనానికి ఆ నియమావళి మూడడుగుల మెట్లను ఒప్పుకోదు, ఐదడుగులకు తగ్గనివ్వదు. పైగా రెండు దారులు, ఒకదానికొకటి దూరంగా, ఉండాలంటుంది. రోలింగ్ షట్టర్‌ని బయటపడే దారిగా లెక్కపెట్టనివ్వదు, తలుపు బయటికి తెరుచుకోవాలంటుంది. కారణం కష్టపడి చెప్పక్కర్లేదు. కరెంటు పోయి, పొగ కమ్మి, వెనకనుంచి యాభైమంది తోస్తున్నప్పుడు షట్టర్ ఎత్తడం ఎవరి తరమూ కాదు.

కింద పరుపుల షాపు అన్నాను కదా. ఫోమ్ అంటుకుంటే మంట కన్నా ముందు పొగ చంపుతుంది. ఈ ఊరికి ఆ పాఠం ఒకసారి చెబితే అర్థం కాలేదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంటే పైన లాడ్జిలో ఉన్న ఎనిమిదిమంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, అందరూ పనికొచ్చిన యువతీ యువకులే. అదే ఏడాది నవంబర్ 13న బజార్‌ఘాట్‌లో కింద నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైన ఫ్లాట్లలో ఉన్న తొమ్మిదిమంది. 2025 మే 18న చార్మినార్‌కు కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇల్లు, ఇరుకైన ఒకే దారి: పదిహేడుమంది, పసిపిల్లలతో సహా. నాలుగింటిలోనూ ఎక్కువమందిని తీసుకెళ్లింది పొగే. వీటిలో ఒక్కటీ ప్రార్థనా స్థలం కాదు. కానీ స్వప్నలోక్‌ను పక్కనపెడితే, కింద సరుకు, పైన మనుషులు, మధ్య ఒకే మెట్లు అన్న అమరిక అదే. ఆదివారం పదకొండింటికి ఆ అమరికలో నూట యాభైమందిని కూర్చోబెట్టి చూడండి.

ఇంత జరిగాక కూడా, కాలనీ పెద్దమనుషులు మున్సిపాలిటీకి పెట్టే ఫిర్యాదుల్లో మెట్ల ప్రస్తావన ఉండగా నేను చూడలేదు. ఉండేది మైకు గురించి, పార్కింగ్ గురించి, "మత మార్పిడుల" గురించి. మైకు సంగతి న్యాయమైనదే. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి అమల్లో ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి వినిపించే లౌడ్‌స్పీకర్ వద్దు. అదే ఏడాది సుప్రీంకోర్టు చెన్నైలోని ఒక పెంతెకోస్తు సంఘం కేసులో, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. దాని మీద వాదన లేదు. అయితే కీబోర్డు, ప్యాడ్లు, నాలుగు పెద్ద స్పీకర్లు అంత చిన్న హాల్లో ఎందుకు పెడతారో కూడా తెలుసుకోవాలి. నేలంతా టైల్స్, గోడలు నున్నగా, ముందు ఇనుప షట్టర్. మాట నాలుగు గోడలకూ కొట్టుకుని ముద్దైపోతుంది, వెనక వరసకు వాక్యం అర్థం కాదు, అయ్యగారు సౌండ్ పెంచుతారు, ఇంకా ముద్దవుతుంది. దీనికి మందు పోలీసు కాదు. మందపాటి కర్టెన్లు, నేలమీద జంపఖానాలు, సీలింగుకు శబ్దం పీల్చే పలకలు, పెద్ద స్పీకర్ల బదులు నాలుగు చిన్నవి. వీళ్లు కర్టెన్లు, జంపఖానాలు వేశారు. సౌండ్ సగానికి తగ్గించినా వెనకవాళ్లకు ఇంతకుముందు కన్నా బాగా వినిపిస్తోంది. ఫిర్యాదు చేసిన పెద్దాయనకు మాత్రం ఇంకా చెవిలో హోరే. వినాయక చవితి తొమ్మిది రోజులూ అదే సందులో డీజే మోగినప్పుడు ఆయన చెవులు బాగానే పనిచేశాయి. ఆ మాట ఆయన ముందే అన్నాను, నవ్వారు.

అనుమతి గురించి జనం కలగాపులగం చేసే విషయాలు కొన్ని ఉన్నాయి. 2009 సెప్టెంబర్ 29 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు రోడ్లు, పార్కులు, ప్రభుత్వ స్థలాలు ఆక్రమించి కట్టే గుళ్లు, మసీదులు, చర్చిలు, గురుద్వారాల గురించి. అద్దె చీటీ ఉన్న ప్రైవేటు దుకాణం దాని కిందికి రాదు. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం 1947 ఆగస్టు 15 నాటికి ఉన్నవాటి స్వభావం మార్చొద్దని చెబుతుంది, టైల్స్ షోరూంతో దానికేం పని? వాట్సాప్‌లో ఈ రెండూ కలిపి ఫార్వార్డ్ చేసేవాళ్లు ఒక్కసారి చదివితే బాగుండు. మిగిలేది ఒక్కటే: వాణిజ్యం కింద ప్లాన్ పాసైన అంతస్తును జనం గుమికూడే హాలుగా వాడటం. అది ఫంక్షన్ హాలైనా, కోచింగ్ సెంటరైనా, గుడైనా వాడకం మారినట్టే, దానికి కార్పొరేషన్ అనుమతి ఉండాలి. ఇదొక ఇంజినీరింగు ప్రశ్న. దాన్ని మతం ప్రశ్న చేసింది మనం.

మతం ప్రశ్న అయ్యేసరికి ఏమవుతుందో చూశాను. చిన్న సంఘం ఏదీ కాగితం జోలికి పోదు. దరఖాస్తు పెడితే ఫైలు కదలదు, కదలకపోగా అందరి కళ్లూ పడతాయి. ఇంకో భయం కూడా ఉంది, బయటివాళ్లకు తట్టనిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆదివారం ఇక్కడికొచ్చే కుటుంబాల్లో చాలామందికి పిల్లల సర్టిఫికెట్లు గుర్తొస్తాయి, తమ పేరు ఏ రిజిస్టర్‌లోనూ పడకూడదనుకుంటారు. 2011 లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్‌లో క్రైస్తవులు మూడు శాతం కన్నా తక్కువ. ఆదివారం ఉదయం బోరబండలోనో లాలాగూడలోనో తిరిగినవాళ్లకు ఆ అంకె నమ్మబుద్ధి కాదు.

గుళ్లకు, నమాజు గదులకు వేరే చిక్కులు. అద్దె గదిలో విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేస్తే ఖాళీ చేయమన్నప్పుడు ఏం చేస్తారు? ప్రతిష్ఠ జరిగిన దేవుణ్ణి చట్టం కూడా ఒక వ్యక్తిగా చూస్తుంది, 1925లో, అప్పట్లో మన కేసులకు ఆఖరి కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి తేలిన సంగతి. అందుకే తెలివైన కమిటీలు మల్గీలో పటం పెట్టి భజనతో సరిపెడతాయి. పైన ఇంకో అంతస్తుంటే దేవుడి తల మీద ఎవరో నడుస్తారన్న బాధ ఇంకోటి. మసీదుకు వక్ఫ్ భూమి కావాలి గానీ నమాజుకు అక్కర్లేదు, శుభ్రమైన గది చాలు. మక్కా దిక్కు మన ఊరి నుంచి పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, షాపు గోడలేమో రోడ్డును బట్టి కట్టినవి. అందుకే అలాంటి గదుల్లో తివాచీ గీతలు గోడలకు ఏటవాలుగా పోతాయి. నాకు ఆ ఏటవాలు గీతలు ముచ్చటేస్తాయి. ఆ గదుల్లో కూడా నేను చూసింది మూడడుగుల మెట్లే.

కరెంటు వాళ్లు ఈ విషయంలో కార్పొరేషన్ కన్నా ముందున్నారు. వాళ్ల టారిఫ్‌లో ప్రార్థనా స్థలాలకు విడిగా ఒక కేటగిరీ ఉంది, గుడీ మసీదూ చర్చీ అన్నీ కలిపి. కార్పొరేషన్ కూడా అలాంటిదే ఒక దారి తెరవాలి. రెండొందల మంది లోపు కూడే ప్రార్థనా స్థలం ఏ మతానిదైనా ఒకే ఫారం. అందులో భక్తుల పేర్లు అడగక్కర్లేదు, ఎవరి నమ్మకమూ అడగక్కర్లేదు. అడగాల్సింది ఎంతమంది పడతారు, దారులెన్ని, శ్లాబు చూసిన ఇంజినీరు సంతకం ఉందా, కింది అంతస్తులో ఏం నిల్వ ఉంది, సౌండ్ బయటికి ఎంత. గడువులోగా ఎవరూ వచ్చి చూడకపోతే అనుమతి వచ్చినట్టే. సొంతింటి ప్లాన్లకు టీఎస్ బీపాస్ పేరుతో 2020లో స్వీయ ధ్రువీకరణ పెట్టగలిగినప్పుడు ఇదేమీ గగనకుసుమం కాదు. దీన్ని వ్యతిరేకించేవాళ్లు "ఇలా అనుమతిస్తే గల్లీకొకటి పుట్టుకొస్తుంది" అంటారు. ఇప్పటికే గల్లీకొకటి ఉంది బాబూ. లేనిది లెక్క.

ఇప్పుడున్న పద్ధతిలో జాగ్రత్తపడేవాడికే దెబ్బ. రెండో దారి కోసం నేను వెనకవైపు సెట్‌బ్యాక్‌లోకి (బిల్డింగు చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలోకి) ఇనుప మెట్లు దించమన్నాను. బిల్డింగు ప్లాన్‌లో అవి లేవు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే లోపల కిక్కిరిసిన హాలు ఎవరికీ కనిపించదు, బయట కొత్తగా మెరుస్తున్న మెట్లకే నోటీసు వస్తుంది. ఓనర్ భయం కూడా అదే. ఆయన్ని ఒప్పించడానికి నెల పట్టింది. ఖాళీ చేసేటప్పుడు మెట్లు విప్పేసి తీసుకెళ్తామని రాసివ్వాల్సి వచ్చింది. పరుపుల షాపాయన మాత్రం మెట్ల కింద పేర్చిన ఫోమ్ షీట్లు తీయనన్నాడు, తర్వాత సందు అవతలికి జరిపాడు. పూర్తిగా తీయలేదు.

ఇక డబ్బు. సంఘంలో అప్పటికే ఒక దాత ముందు భాగానికి ఆర్చి, పైన ఎల్‌ఈడీ సిలువ ఇస్తానని మాటిచ్చాడు. బిల్డింగు చూడగానే మందిరమని తెలియాలట. నా ఉద్దేశం అయ్యగారికి దాచకుండా చెప్పాను. షోరూంకి గోపురం తగిలిస్తే షోరూంకి గోపురం ఉన్నట్టే ఉంటుంది, దాని అందం దానికి పోతుంది, పైగా పారాపెట్ మీద గాలికి ఊగే ఇంకో బరువు. ఆ డబ్బు మెట్లకు పెట్టండి. ఆయన ఒప్పుకున్నారు. దాత ఒప్పుకోలేదు. ఆర్చి మీదైతే పేరు చెక్కించుకోవచ్చు, వెనక సందులో మెట్లకు పేరేంటి?

అది అన్యాయమైన కోరికేమీ కాదు. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీ మీద కూడా దాతల పేర్లు రాస్తాం. అయితే మెట్టుకొక పేరు రాయించండి అన్నాను. ఆరంగుళాల ఎత్తున లెక్కేస్తే ఇరవై రెండు మెట్లు. ఆర్చి దాత పై మెట్టు అడిగి తీసుకున్నాడు. తర్వాత చీటీలు కట్టి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు నలుగురు కలిసి ఒక మెట్టు, మేస్త్రీల కుటుంబాలు రెండు. పోయిన వారం అయ్యగారు ఫోన్ చేస్తే పద్దెనిమిది మెట్లకు పేర్లొచ్చాయన్నారు. ఫాబ్రికేషన్ వాడికి అడ్వాన్సు ఇచ్చేశారు, మిగతా నాలుగు మెట్ల డబ్బు కోసం చూస్తున్నారు.